ఈసారి సద్దుల బతుకమ్మ మా అపార్ట్‌మెంట్‌లోనే. పూలెన్ని కావాలి, పేర్చేదెట్లా, నిమజ్జనం ఎక్కడ?

సి_బ్లాక్_304

అందరికీ నమస్కారం. నిజాంపేటలో 96 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. ఇన్నేళ్లూ ఎవరి బతుకమ్మ వాళ్లు పేర్చుకుని దగ్గర్లోని గుడికి తీసుకెళ్తున్నారు. ఈసారి చివరిదైన తొమ్మిదో రోజు, సద్దుల నాడు, అందరం కలిసి లోపలే ఆడుకోవాలని మీటింగులో అనుకున్నాం. ఓ 35 ఇళ్లవాళ్లు సొంతంగా పేర్చుకొస్తామన్నారు, అసోసియేషన్ తరఫున మధ్యలో ఒక పెద్ద బతుకమ్మ ఉండాలన్నారు. ఆడేవాళ్లు 60 మంది దాకా ఉంటారు. సగం మంది తెలంగాణవాళ్లు, మిగతావాళ్లు ఆంధ్రా వైపువాళ్లు, కొన్ని గుజరాతీ, బెంగాలీ, తమిళ కుటుంబాలు.

తేలని సంగతులు ఇవి. పెద్ద బతుకమ్మ 5 అడుగులు ఉండాలని కొందరి పట్టుదల, అది సాధ్యమేనా? పూలు కిలోల్లో కొనాలా, కట్టల్లోనా, ఎన్ని? ఆడే జాగా 32 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు, అందులో సగం కింద సెల్లార్ ఉంది. నిమజ్జనానికి స్విమ్మింగ్ పూల్ ఉందిగా అంటున్నారు ఒకాయన. సద్దులు, అంటే పులిహోర, పెరుగన్నం లాంటి నైవేద్యాలు, సుమారు 120 మందికి పంచాలి. ఆ రోజే దుర్గాష్టమి కాబట్టి గుజరాతీవాళ్లు దాండియాకు టైమ్ అడుగుతున్నారు. తెలిసినవాళ్లు కొంచెం లెక్కలతో సహా చెప్పండి.

గునుగు_కట్ట

అక్కా, 5 అడుగుల ముచ్చట ముందే బంద్ పెట్టుండ్రి. 2 అడుగుల దానికంటే ఎత్తు రెండున్నర రెట్లు. అంటే చుట్టూ కనబడే పూలు ఆరు రెట్లు, లోపల నింపే ఆకు పదిహేను రెట్లు కావాలె. అంత పెద్దది పేరుస్తుంటే మధ్యాహ్నానికే కింది వరుసలు వాడిపోయి కూచుంటయి, పైవి పక్కకు ఒరుగుతయి. మొదటిసారి చేసేటోళ్లకు 2 అడుగులు చాలు. దాన్ని ఒకటిన్నర అడుగు ఎత్తు బల్ల మీద పెడితే దూరంకెళ్లి కూడా నిండుగ కనిపిస్తది.

లెక్క ఇట్ల చూసుకోండ్రి. 2 అడుగుల ఎత్తుకు అడుగున 18 అంగుళాల వెడల్పు, కొసకు 5 అంగుళాలు. ఒక్కో వరుస ఒకటిన్నర అంగుళం లేస్తది, అంటే 16 వరుసలు. వెడల్పును మూడుతోటి గుణిస్తే చుట్టుకొలత. అడుగున 55 అంగుళాల దాకా, పైన 16, సగటున 36 వేసుకోండ్రి. గునుగు ఆరేసి పువ్వులు కలిపి ముడి వేస్తే ఒక్కో ముడి ఒకటిన్నర అంగుళం పడతది, అంటే వరుసకు సగటున 24 ముడులు. ఆరు వరుసలు గునుగు పెట్టాలంటే 900 పువ్వులు. మార్కెట్ల కట్ట అంటే ఒకడు నలభై పెడతడు, ఒకడు ఎనభై. కట్టలు కాదు, ఒక కట్ట విప్పి పువ్వులు లెక్కబెట్టి బేరం చేయండ్రి. బంతి నాలుగు వరుసలకు 80 దాకా పువ్వులు, నలిగినవి పోను కిలోన్నర తీస్కుంటే సరి. చామంతి పై రెండు వరుసలకే కాబట్టి అర కిలో. తంగేడు నాలుగు వరుసలు, రెండు పెద్ద మోపులు. దాని రెమ్మలు, ఆకులు పారేయొద్దు, లోపల నింపుడుకు అవే దిక్కు. ఇంకా తక్కువ పడతయి, రెండు గోనె సంచుల నిండ ఏదన్న పచ్చి ఆకు జమ చేసి పెట్టుకోండ్రి. కట్ల పూలు, సీతజడ పూలు దొరికితే సందులల్ల గుచ్చుకోవచ్చు, దొరకకుంటే బాధ లేదు.

గునుగు మూడు రోజుల ముందే తెచ్చినా ఏం కాదు. తంగేడు మాత్రం ఆ పొద్దుటిదే కావాలె, మహా అయితే ముందటి సాయంత్రం తెచ్చి తడి గుడ్డల చుట్టి నీడకు పెట్టండ్రి. నీళ్ల బకెట్ల ముంచితే తెల్లారేసరికి రేకులు మొత్తం రాలి కాడలే మిగులుతయి. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ల బంతి, చామంతి మంచిగ దొరుకుతయి. తంగేడు, గునుగు ఊళ్లకెళ్లి తెచ్చి రోడ్ల పక్కన, మోండా మార్కెట్ లాంటి చోట్ల అమ్ముతరు. సద్దుల పొద్దున పోతే వాళ్లు చెప్పిందే రేటు.

గునుగుకు రంగులు అద్దుడు ముందటి రోజు పొద్దునే అయిపోవాలె. వేడి నీళ్లల్ల రంగు కలిపి, ముడిని తలకిందులుగ పట్టి పువ్వు వరకే ముంచాలె, కాడ మునగొద్దు. తీసి పాత పేపర్ మీద అద్ది, తల కిందికి ఉండేటట్టు తీగకు కట్టి నీడల ఆరబెట్టాలె. పైకి నిలబెట్టి ఆరబెడితే రంగు కాడ పొంటి కారి చేతులకు, తర్వాత పట్టుచీరలకు అంటుతది. హోలీ రంగులు వద్దు, మిఠాయి రంగులు వాడుండ్రి. అన్నీ అద్దకండి, మూడు వంతులల్ల ఒక వంతు తెల్లగనే ఉంచితే అసలు రంగులు అందంగ తేలుతయి. ముడులు వేసేముందు పువ్వులను పేపర్ మీద దులపండ్రి, నల్లగ మెరిసే గింజలు, సన్న పురుగులు రాలిపోతయి. లేకుంటే లాబీ అంత అవే.

పేర్చేటప్పుడు తాంబాళం మీద గుమ్మడి ఆకులు, లేకుంటే ఆముదం ఆకులు పరిచి అంచుకు తంగేడు మొదటి వరుస వేస్తరు, పువ్వు బయటికి, కాడ లోపలికి. కాడ కనీసం 4 అంగుళాలు ఉండాలె. పొట్టి కాడ మీద బరువు పడది, పైవరుస వచ్చినంక జారి బయటికి వస్తది. వరుస అయినంక మధ్యల ఆకు నింపి అరచేతితోటి గట్టిగ అదమాలె. ఇక్కడనే అందరు తప్పు చేస్తరు. మధ్య ఎత్తయితే పూలు బయటికి జారుతయి, లోతయితే లోపలికి కుంగి వరుస వంకర పోతది. అంచు, మధ్య ఒకటే మట్టంల ఉండాలె, ప్రతి వరుసకు అడ్డంగ ఒక స్కేలు పెట్టి చూసుకోండ్రి. నాలుగు వరుసలకొకసారి దారం చుట్టండ్రి. బంతిపూలు మార్కెట్ల కాడ లేకుండ వస్తయి కదా, వాటిని విడిగ పేర్చేది కుదరది. దండ గుచ్చి వరుస మీద చుట్టి, ఐదారు చోట్ల చీపురుపుల్ల గుచ్చితే కదలది. గుండుసూదులు అస్సలొద్దు, నిమజ్జనం చేసేటోళ్ల చేతులకు గుచ్చుకుంటయి.

సి_బ్లాక్_304

చాలా థాంక్స్ అక్కా. 2 అడుగులకు ఒప్పిస్తాను. ఇంకో మాట. లోపల ఇనుప చట్రమో థర్మాకోల్ ముక్కో పెట్టి పైన పూలు గుచ్చితే తొందరగా అవుతుందంటున్నారు మావాళ్లు. పైన క్లబ్ హౌస్‌లో పేర్చి కిందికి దించవచ్చా?

గునుగు_కట్ట

థర్మాకోల్ మీద గుచ్చితే అది డెకరేషన్ అయితది గని బతుకమ్మ కాదు. పైగా నీళ్లల్ల వేసేముందు దాన్ని మళ్లీ పీకాలె. పైన పేర్చి దించేది కూడ వద్దు. లిఫ్టుల ఒక్క కుదుపుకు మూడో వరుస దగ్గర చీలిక వస్తది. ఎక్కడ పెడతరో అక్కడనే, ఆ బల్ల మీదనే పేర్చండ్రి. నలుగురు కూసుంటే మూడు గంటల పని: ఇద్దరు ముడులు కట్టాలె, ఒకరు పేర్చాలె, ఒకరు ఆకు అదమాలె. పేర్చే చేయి మారొద్దు, మారితే వంకర పోతది. మధ్యాహ్నం 1 గంటకు మొదలుపెట్టండ్రి.

సెల్లార్_లెక్కలు

జాగా, నీళ్ల సంగతి నేను చెప్తానండీ.

స్విమ్మింగ్ పూల్ మాట మాత్రం వినకండి. పసుపు, రంగు, రేకులు ఫిల్టర్‌లోకి పోతే దానిలోని ఇసుకంతా మార్చాల్సి వస్తుంది. గునుగు గింజలు నీటి మీది చెత్తను పట్టే స్కిమ్మర్ జాలీలో పట్టుకుంటే వదలవు.

టబ్బు పెట్టుకోండి. 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు నీళ్లు. దాదాపు 2,000 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకరులో సగం కూడా కాదు. సమస్యల్లా అది పెట్టే చోటు గురించే. ఒకటిన్నర అడుగు నీళ్లంటే చదరపు మీటరుకు 450 కిలోల పైచిలుకు బరువు. మామూలు ఇళ్ల గదులకు డిజైన్‌లో తీసుకునే బరువు 200 కిలోలు. సెల్లార్ పైకప్పును అంతకంటే గట్టిగానే వేసి ఉండొచ్చు, కానీ స్ట్రక్చరల్ డ్రాయింగ్ చేతిలో లేకుండా ‘ఏం కాదులే’ అనుకునే విషయం కాదు ఇది. సెల్లార్ లేని సగంలో, గట్టి నేల మీదే పెట్టండి. ఇటుకలు ఊరికే పేర్చి టార్పాలిన్ పరిచే పద్ధతి చాలాచోట్ల చూస్తాం. నీళ్ల తోపుకు ఒక పక్క గోడ కూలి మొత్తం లిఫ్టు గుంతలోకి పోతుంది. చట్రంతో వచ్చే రెడీమేడ్ టార్పాలిన్ టబ్బు కానీ, ఫైబర్ టబ్బు కానీ అద్దెకు తీసుకోండి.

రాత్రికి ఆ నీళ్లు అలాగే వదిలేయకండి. ఒకటిన్నర అడుగు నీళ్లు చిన్నపిల్లలకు ప్రాణం మీదికి తెస్తాయి. అదే రాత్రి పూలు జల్లెడ బుట్టతో తోడి నీళ్లు వదిలేయాలి, అంతదాకా వాచ్‌మన్ అక్కడి నుంచి కదలకూడదు. రంగు దిగిన నీళ్లు ఇంకుడు గుంతలోకి పంపకండి, బోరు పక్కనే ఉంటుంది కాబట్టి. డ్రైనేజీ లైనులోకి వదలండి. తోడిన పూలలో రంగు గునుగు, దారాలు పక్కకు తీసి, మిగతావి ఎండుటాకులతో పొరలు పొరలుగా కంపోస్టులో వేయొచ్చు. తడివి ఒకేచోట కుప్ప పోస్తే రెండో రోజుకే పుల్లటి వాసన, ఈగలు.

చెరువులోనే వేయాలని పెద్దవాళ్లు అంటే, మున్సిపల్ కార్పొరేషన్ ఏటా చెరువుల దగ్గర బతుకమ్మ ఘాట్లకు ఏర్పాట్లు చేస్తుంది. పెద్దదాన్ని టబ్బులో వేసి, కావాలన్నవాళ్ల చిన్న బతుకమ్మలను ఒక వ్యాన్‌లో పంపడం తేలిక. 35 కార్లు కదిలిస్తే సద్దుల రాత్రి ట్రాఫిక్‌లో తెల్లారుతుంది.

ఇక ఆడే జాగా. మనిషికి రెండున్నర అడుగులైనా లేకపోతే వంగి చప్పట్లు కొట్టేటప్పుడు మోచేతులు తగులుతాయి. 60 మందికి ఒకే వలయం వేయాలంటే 150 అడుగుల చుట్టుకొలత, అంటే 48 అడుగుల వెడల్పు. మీకున్నది 32. రెండు వలయాలు వేయండి. లోపలిది 16 అడుగుల వెడల్పున 20 మందికి, బయటిది 26 అడుగులతో 32 మందికి. మిగిలిన 8 మంది పాట పాటకీ మారొచ్చు. మధ్యలో 8 అడుగుల వలయంలో పెద్దది, దాని చుట్టూ ఇళ్లవాళ్ల 35 బతుకమ్మలు పడతాయి. ఈ మూడు గీతలూ ముందు రోజే సుద్దతో గీసి పెట్టండి.

నేల గ్రానైటా, పేవర్ బ్లాకులా చూసుకోండి. గ్రానైట్ మీద ముగ్గుపిండి, నలిగిన బంతి రేకులు కలిస్తే సబ్బు రాసినట్టే. అలుకు, ముగ్గు కావాలంటే మధ్యలో ఆ 8 అడుగుల మేరకు ప్లైవుడ్ పరిచి దాని మీద వేయండి, నడిచే దారిలో వద్దు. లైట్ల వైర్లు వలయాన్ని దాటి పోకూడదు, పైనుంచి లాగండి. టబ్బుకు పది అడుగుల లోపు ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉండకూడదు. ఆ లైనుకు కరెంటు లీకైతే సప్లై ఆపేసే ఈఎల్‌సీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత టెస్ట్ బటన్ నొక్కించి చూడండి.

వంటింటి_తూకం

సద్దులు 120 మందికి అంటున్నారు కదా, భోజనం లెక్క కాదు, ప్రసాదం లెక్కలో చెప్తున్నా.

పులిహోరకు 5 కిలోల బియ్యం, 700 గ్రాముల చింతపండు, 800 మిల్లీలీటర్ల నూనె, అర కిలో పల్లీలు. పులుసు నూనె తేలేదాకా ఉడకాలి. పలచగా దించేస్తే సాయంత్రానికి అన్నం ముద్దయి పాచి వాసన కొడుతుంది. అన్నం వెడల్పు బేసిన్లలో ఆరబోసి కలపండి, వేడి మీద మూతపెట్టకండి. ఉప్పు ముందు 100 గ్రాములే వేసి రుచి చూసి పెంచండి.

పెరుగన్నానికి 3 కిలోల బియ్యం మెత్తగా వండి, గోరువెచ్చగా ఉన్నప్పుడే 3 లీటర్ల పాలు, రెండు గరిటెల పెరుగు వేసి మధ్యాహ్నం 2 గంటలకు కలిపి పెట్టండి. రాత్రి 8కి కమ్మగా తోడుకుని ఉంటుంది. మొత్తం పెరుగుతోనే కలిపితే పంచే వేళకు పులిసిపోతుంది. గట్టిపడితే పంచేముందు మరో లీటరు చల్లటి పాలు చాలు.

మలీదకు 2 కిలోల గోధుమ పిండి, కిలోంబావు బెల్లం, 300 గ్రాముల నెయ్యి. రొట్టెలు కొంచెం మందంగా కాల్చి, వేడి తగ్గాక చేత్తో నలిపి బెల్లం కలపాలి. చల్లారాక మిక్సీలో వేస్తే పొడి పొడిగా అయి ముద్ద కట్టదు. నువ్వుల సత్తుకు కిలోన్నర నువ్వులు, కిలో బెల్లం. నువ్వులు దోరగా వేయించి పూర్తిగా చల్లారాకే దంచాలి, వేడి మీద మిక్సీ తిప్పితే నూనె వదిలి జిగురు ముద్ద అవుతుంది. పల్లీల సత్తు కూడా అంతే, తీపి కొంచెం తక్కువ, పల్లీలు కిలోన్నరకు ముప్పావు కిలో బెల్లం. కొందరిళ్లలో చక్కెర వేస్తారు, అదీ బాగుంటుంది. సత్తులు రెండూ ముందు రోజే చేసేయొచ్చు.

ఒక్కో వంటకం ఒక్క వంటింట్లోనే కావాలి. నాలుగిళ్లు తలా కిలోంబావు బియ్యంతో పులిహోర చేస్తే నాలుగు రుచులు, నాలుగు ఉప్పులు. రుచి చూసేదేదో నైవేద్యానికి విడిగా తీసిపెట్టాకే చూడండి. పల్లీలు, నువ్వులు పడని పిల్లలు ఈరోజుల్లో ఎక్కువే, ఆ గిన్నెల మీద పెద్దక్షరాలతో పేర్లు రాసి పెట్టండి. సత్తులకు వేరే చెంచాలు కూడా.

మైక్_నా_దగ్గరే

టైమ్ సంగతి అండీ. శబ్ద కాలుష్య నియమాలు 2000 నుంచీ ఉన్నాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ కుదరదు. పండుగలకు ప్రభుత్వం కొన్ని రోజులు వెసులుబాటు ఇస్తుంటుంది, కానీ ఆ ఉత్తర్వు కళ్లతో చూడనిదే నమ్ముకోవద్దు. కాబట్టి వెనక నుంచి లెక్కేసుకోండి. 9:45కి మైక్ బంద్. దాండియా 8:30 నుంచి. నిమజ్జనం, వాయినాలు 7:45కి. ఆట 5:45కి మొదలు. ఆ రోజుల్లో 6 గంటలకల్లా పొద్దు గుంకుతుంది, ఫొటోలకూ అదే మంచి వేళ. దాండియావాళ్లకు మధ్యలో టైమ్ ఇస్తే బతుకమ్మలు జరపాలి, జరిపితే విరుగుతాయి. ఈ కారణం చెబితే వాళ్లే ఒప్పుకుంటారు, ‘మా పండుగ ముందు’ అంటే గొడవే.

డీజే వద్దని నా గట్టి అభిప్రాయం. రికార్డు పాట వేగానికి పెద్దవాళ్లు అందుకోలేరు, చప్పట్లు కలవవు, రెండు పాటలకే సగం మంది కుర్చీల్లో. పాడే పెద్దావిడ ఒకరు చాలు, కాలర్ మైక్ పెట్టండి. ఆమె ఒక చరణం అంటే మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అనో ‘చందమామ’ అనో అందుకోవడమే. బెంగాలీ, తమిళ ఇళ్లవాళ్లు కూడా మూడో చరణానికి కలుస్తారు. పాడేవాళ్లు ఇద్దరుంటే మేలు, గంటకొకరు. లోపలి వలయంలో పాట వచ్చినవాళ్లను, బయట కొత్తవాళ్లను నిలబెట్టండి, అడుగు చూసి నేర్చుకుంటారు. రెండు వలయాలూ ఒకే దిక్కుకు తిరగాలి.

డబ్బు మెయింటెనెన్స్ ఖాతాలోంచి తీయొద్దు. ఇష్టమున్నవాళ్ల దగ్గరే చందా తీసుకుని, లెక్క మూడో రోజుకల్లా గ్రూపులో పెట్టేయండి. వాయినం పేరుతో ముత్తయిదువలు, కానివాళ్లు అని వరుసలు విడగొట్టొద్దు కూడా. తాంబూలం వచ్చినవాళ్లందరికీ ఒకేలా ఇవ్వండి. పండుగ మర్నాడు అపార్ట్‌మెంట్‌లో మిగిలేది ఆ ముచ్చటే.

గునుగు_కట్ట

పైన రెండు మాటలు మరిచిన. రిహార్సల్ పెట్టుకునేటట్టుంటే ఆరో రోజు పెట్టొద్దు, అది అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. నాలుగో రోజు నానబియ్యం నాడు చిన్నది అడుగు ఎత్తుది పేర్చి చూసుకోండ్రి, చేయి తిరుగుతది. ఇంక తేదీ. తిథి రెండు రోజుల మీద పడితే సద్దులు ఏ రోజని ప్రతి ఏడు పంచాయితే. మీ గుడి అయ్యగారిని ఒక్కరినే అడిగి వారం ముందే నోటీస్ పెట్టండ్రి, టీవీల ఏం చెప్పినా మార్చొద్దు.

కొసకు గుమ్మడి పువ్వు పెడతరు గని అది పొద్దున విచ్చి ఎండెక్కేసరికి ముడుచుకుంటది. ఆటకు పది నిమిషాల ముందు మొగ్గలాంటిదే గుచ్చి, తమలపాకుల పసుపు గౌరమ్మను పెడితే సరిపోతది. పసుపు నీళ్లు తక్కువేసి గట్టిగ కలపండ్రి, పలచగైతే గౌరమ్మ నిలబడది.

సి_బ్లాక్_304

అందరికీ చాలా చాలా థాంక్స్. ఈఎల్‌సీబీ, టబ్బు జాగా ఆదివారం చూస్తాం. చివరగా ఒక్కటి. 35 మంది తాంబాళాలు టబ్బు దగ్గర కలిసిపోతే ఎవరిది ఎవరిదో తెలిసేదెలా? అందరివీ ఒకేలాంటి ఇత్తడివి, స్టీలువి.

గునుగు_కట్ట

ముందే తాంబాళం అడుగున నెయిల్ పాలిష్‌తోటి ఫ్లాట్ నంబర్ రాయించండ్రి. మార్కర్ అయితే తడికి పోతది. టబ్బు దగ్గర ఒక్కరే నిలబడి ఐదుగురైదుగురిని పిలవాలె, గుంపు ఎగబడితే అక్కడనే జారి పడతరు. ముందు గౌరమ్మను తీసి పక్కన పళ్లెంల పెట్టుకోవాలె, ఆ పసుపు తర్వాత పుస్తెలకు పెట్టుకుంటరు. తర్వాత తాంబాళం అంచు నీళ్లకు ఆనించి మెల్లగ వంచితే కింది గుమ్మడి ఆకుతోటి మొత్తం ఒకటేసారి జారి నీళ్లల్ల నిలబడతది. ఎత్తి కుమ్మరియ్యొద్దు.